మొఖం రేపు తుడుస్త

ఆ రోజుల్లో మా మణికొండలో ఎవరింటి పిల్లలు ఏం చదువుతున్నారని ఎవరూ అడిగేవారు కాదు, "ఏ బ్రాంచి?" అని మాత్రమే అడిగేవారు. ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం కాదు లెండి. మెట్రో స్తంభాలు లేచి, వాటి మీద రైలు మాత్రం ఇంకా రాక, హైటెక్ సిటీ వైపు వెళ్ళే ప్రతివాళ్ళూ ట్రాఫిక్కులో తలెత్తి పైకి చూసి నిట్టూర్చే రోజులు. అలాంటి చోట, అలాంటి కాలంలో నేను బి.ఏ. చదివాను. బి.ఏ. అని చెప్పగానే జనం ముందు "అయ్యో" అనబోయి, దాన్ని మింగేసి "మంచిదే, మంచిదే" అనేవారు. మా అపార్ట్‌మెంటు లిఫ్టులో కనిపించే ఒక పెద్దాయన, జబ్బు మనిషిని మందులు వేసుకుంటున్నావా అని అడిగినంత మెల్లగా, "తర్వాతైనా కంప్యూటరు కోర్సు ఏదైనా చేస్తావా అమ్మా?" అని అడిగేవాడు.

నేనేదో ధైర్యం చేసి బి.ఏ.లో చేరాననుకునేరు. భయపడి చేరాను. ఇంటరు ముందు నిజాంపేటలో ఒక కోచింగు హాస్టలు చూపించడానికి నాన్న తీసుకెళ్తే, అక్కడ గోడకి దినచర్య వేలాడదీసి ఉంది. అందులో "స్నానం: ఏడు నిమిషాలు" అని రాసి ఉంది. ఆ ఏడు నిమిషాలు చూడగానే గేటు ఎటుందో చూసుకున్నాను. ఏడు నిమిషాల్లో నాకు నీళ్ళు వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో తేలదు. నాకు బల్లి భయం, ఎస్కలేటరు భయం, తెలియని నంబరు నుంచి ఫోను మోగితే భయం, తెలిసిన నంబరు నుంచి మోగితే ఇంకా భయం. ఇంజనీరింగు మీద ఉన్న భయం వీటన్నిటికంటే పెద్దది కాబట్టి, మా ఇంటికి దగ్గర్లో కొత్తగా పెట్టిన ఒక కాలేజీలో హ్యుమానిటీస్ తీసుకుని, కథలూ చరిత్రా చదువుకుంటూ ఒక మూల బతికేద్దామనుకున్నాను. మూడో ఏడాదిలో ఒక సెమిస్టరు తప్పనిసరిగా విదేశంలో చదవాలని, ఆ మార్కులు తెచ్చి ఇక్కడి డిగ్రీలో కలపాలని బ్రోచరు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉందట. నేను చివరి పేజీ చూడలేదు (భయస్తులకు జాగ్రత్త ఎక్కువుంటుందని ఎవరన్నారో గానీ, వాళ్ళు నన్ను చూడలేదు).

నన్ను వేసింది ఇంగ్లండులో ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరికి. అసలు కథ ఆ ఊళ్ళో కాదు, మా చర్చిలో మొదలైంది. మాది చిన్న సంఘం, అందరికీ అందరూ తెలుసు. వెళ్ళడానికి నెల ముందు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పాస్టరు అయ్యగారు నాన్నని ఆపి, "అమ్మాయి ఏం చదవనీకె పోతున్నదయ్యా?" అని అడిగారు. నాన్నది గుంటూరు వైపు. జీడిమెట్లలో మందుల కంపెనీలో షిఫ్టు ఇన్‌చార్జి. మాత్రల గురించి ఏమడిగినా చెప్పగలడు గానీ నా చదువు గురించి అడిగితే తడబడతాడు. "హ్యుమానిటీస్ అండి," అన్నాడు, ఆ ఒక్క మాటే తెలుసు కాబట్టి. అయ్యగారి కళ్ళు మెరిశాయి. "హ్యుమానిటీయా! మానవ సేవ!" అన్నారు. నాన్న కాస్త ఆలోచించి, "ఆ... అంతేనండి," అన్నాడు. నాన్నని తప్పు పట్టలేను. రెండేళ్ళుగా కూతురు ఏం చదువుతోందో ఎవరూ అంత స్పష్టంగా ఆయనకి చెప్పలేదు.

మరుసటి ఆదివారం అయ్యగారు వేదిక మీంచి ప్రకటించారు. "ఒకప్పుడు ఆ దేశపోళ్ళు ఓడలెక్కి మన దగ్గరికొచ్చి బడులు పెట్టిన్రు, దవాఖానలు పెట్టిన్రు. ఇయ్యాల మన సంఘం బిడ్డ విమానమెక్కి వాళ్ళకు సేవ చేయనీకె పోతున్నది. తిరిగొచ్చినంక మన మధ్యల నిలబడి సాక్ష్యం చెప్తది." సాక్ష్యం అంటే మా దగ్గర కోర్టు వ్యవహారం కాదు, దేవుడు తన చేత ఏం చేయించాడో మనిషి సంఘం ముందు మైకు పట్టుకుని చెప్పడం. నేను లేచి, "అయ్యగారూ, అది కాదండీ" అనాలి. సగం లేచాను కూడా. అప్పుడు పక్కకి చూశాను. మా అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

మా అమ్మమ్మ ప్రభుత్వ దవాఖానలో ముప్పై ఎనిమిదేళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. రక్తం చూసి, చీము చూసి, అర్ధరాత్రి కాన్పులు చూసి, దేనికీ జంకనిది. ఆమెకు ఉన్న ఒకే ఒక్క దిగులు, తన వెనక ఇంట్లో ఎవరూ ఆ పనిలోకి రాలేదని. మా అమ్మ రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోయే రకం. బడిలో లెక్కల టీచరైంది. నేను సరే సరి. అలాంటి అమ్మమ్మ ఆ రోజు నా చెయ్యి పట్టుకుని, "నా పని నువ్వు పట్టినవు బిడ్డా," అంది. నేను సగం లేచినదాన్ని మళ్ళీ కూర్చున్నాను. ఆ కూర్చోవడంలోనే అబద్ధం మొదలైంది. ఇప్పటికీ ఆ కుర్చీ చప్పుడు గుర్తుంది నాకు.

విమానం భయం, గాలి భయం, అక్కడి ఇంగ్లీషు భయం, అవన్నీ చెప్పుకుంటూ పోతే ఒక పుస్తకం చాలదు. ముఖ్యమైన భయం దగ్గరికి వస్తాను. వెళ్ళగానే ఒక ఫారం ఇచ్చి, కళల విభాగంలో ఏదైనా ఒక కోర్సు ఎంచుకోమన్నారు. ఒకదానిలో ప్రతి వారం క్లాసు ముందు నిలబడి మాట్లాడాలట. దాన్ని చూడగానే కొట్టేశాను. రెండోది లైఫ్ డ్రాయింగు. లైఫ్ అంటే జీవితం, డ్రాయింగ్ అంటే బొమ్మ గీయడం. చేపల సంత, బస్టాండు, బెంచీ మీద కూర్చున్న ముసలాళ్ళు, అలాంటి జీవితాన్ని చూసి గీయాలి కాబోలనుకున్నాను. చిన్నప్పటి నుంచి పుస్తకాల వెనక బొమ్మలు గీసిన చెయ్యి, పైగా ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఇంతకంటే క్షేమమైన కోర్సు ఈ భూమ్మీద లేదనుకుని టిక్కు పెట్టాను.

మొదటి క్లాసులో మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, చేతికి బొగ్గు కడ్డీ ఇచ్చారు. మధ్యలో ఒక చెక్క దిమ్మె. డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దాయన, పొడవాటి గౌను లాంటిది తొడుక్కుని, అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పి, ఎవరో పట్టుకుంటే మెల్లగా ఆ దిమ్మె ఎక్కి, గౌను విప్పి, చక్కగా మడిచి, కుర్చీ మీద పెట్టి నిలబడ్డాడు. ఇంక ఆయన ఒంటి మీద ఏమీ లేదు. క్లాసులో మిగతా వాళ్ళందరూ, బస్సు వచ్చింది ఎక్కుదాం అన్నంత మామూలుగా, గీయడం మొదలుపెట్టారు. నాకు చెవుల్లో హోరు. మా ఇంట్లో నాన్న బనీనుతో హాల్లోకి వస్తేనే అమ్మ కసిరేది. మా చర్చి వాళ్ళెవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాను (ఐదు వేల మైళ్ళ అవతల!). లేచి పారిపోదామంటే తలుపు ఆ పెద్దాయనకి అవతల ఉంది. తలుపు దగ్గరికి వెళ్ళాలంటే ఆయన్ని చూడాలి. చివరికి గది మూల ఉన్న హీటరు కనిపించింది. ఇనుప గొట్టాలు, కింద చిన్న చక్రం. దేవుడా, నీకు స్తోత్రం అనుకుని దాన్ని గీశాను.

రెండు వారాలు హీటరే గీశాను. టీచరు, జుట్టంతా నెరిసిన ఒకావిడ, నా వెనక నిలబడి చాలాసేపు చూసి, "హీటరు చాలా నిజాయితీగా వచ్చింది," అని వెళ్ళిపోయేది. ఇక్కడ ఇంకో భయం ఉంది: ఇందులో మార్కులు రాకపోతే డిగ్రీ ఆగిపోతుంది. అటు బొమ్మ గీస్తే పాపం, ఇటు గీయకపోతే ఫెయిలు. మూడో వారం టీ విరామంలో ఆ పెద్దాయనే గౌను తొడుక్కుని, కప్పు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నా కాగితం చూశాడు. "నా కంటే వీడు అందగాడు, ఒప్పుకుంటాను," అన్నాడు. నేను నేల చూస్తూ సారీ చెప్పాను. ఆయన నవ్వి, "కాలి వేళ్ళ దగ్గర మొదలుపెట్టమ్మాయ్. భయం వేసే చోట్లన్నిటికీ అది చాలా దూరం," అన్నాడు.

అలా కాలి వేళ్ళ దగ్గర మొదలుపెట్టాను. వేళ్ళు, పాదం, చీలమండ. అక్కడ నరాలు ఉబ్బి ఉన్నాయి. తర్వాత మోకాలు. మోకాలి దాకా వచ్చేసరికి నాకు సిగ్గు సంగతి గుర్తు లేదు, మోకాలు ఎందుకు సరిగ్గా రావడం లేదన్న కోపమే ఉంది. గీయడం, చెరపడం, మళ్ళీ గీయడం. క్లాసు చివరికి చేతులు కూడా వచ్చాయి. ఆ రోజు క్లాసయ్యాక బయటకొచ్చేసరికి అక్కడ మధ్యాహ్నం, ఇక్కడ సాయంత్రం. రోజూ ఆ వేళకే అమ్మమ్మకి వీడియో కాలు చేసేదాన్ని. ఆమె చర్చికి వెళ్ళినంత శుభ్రంగా తల దువ్వుకుని ఫోను ముందు సిద్ధంగా ఉండేది. అప్పటిదాకా "ఇయ్యాల పని తక్కువుండె" అని దాటేస్తూ వచ్చాను. ఆ రోజు మాత్రం బొమ్మ వచ్చిన సంబరంలో నోరు జారింది.

"ఇయ్యాల ఎవరికి సేవ చేసినవు బిడ్డా?"

"ఒక తాతకు అమ్మమ్మా."

"లేస్తడా, మంచంలనేనా?"

"నిలబడ్తడు. కానీ కదలడు. ఇరవై నిమిషాలకొకసారి కూసుంటడు."

"అయ్యో పాపం. బట్టలు మార్చినవా?"

"ఆయననే... ఇప్పేస్తడు అమ్మమ్మా."

"గట్లనే ఉంటది కొందరికి, వయసు మీద పడితె. కసురుకోకు. తుడిచినవా?"

"ఆ, శానసార్లు తుడిచిన," అన్నాను. అబద్ధం కాదు, రబ్బరు సగం అరిగిపోయింది. "కాళ్ళు అయినయి, చేతులు అయినయి. మొఖం రేపు తుడుస్త."

"రేపా?"

"ఆ. మొఖం కష్టం అమ్మమ్మా. రేపు."

అవతల కాసేపు మాట లేదు. సిగ్నలు పోయిందనుకుని ఫోను అటూ ఇటూ తిప్పాను. తర్వాత అమ్మమ్మ, "సరే బిడ్డా. నీళ్ళు గోరువెచ్చగ ఉండాలె, యాదికుంచుకో," అంది. మూడు నెలలు ఇదే వరస. నేను వీపు గీస్తే వీపు తుడిచానని, భుజం గీస్తే భుజం పట్టుకున్నానని, అవయవం మాత్రం మార్చకుండా అబద్ధం చెప్పడం నాకు అలవాటైపోయింది. పెద్దాయన తర్వాత ఒక లావుపాటి ముసలమ్మ వచ్చింది, తర్వాత ఒక రిటైరైన టీచరు. అమ్మమ్మ వాళ్ళందరి గురించీ అడిగేది, వాళ్ళ మోకాళ్ళ గురించీ నడుముల గురించీ. ఫోను పెట్టేశాక మాత్రం రోజులు లెక్కపెట్టేదాన్ని. తిరిగి వెళ్ళాక సాక్ష్యం ఉంది. మైకు ఉంది. నా పని నువ్వు పట్టినవు అని ఏడ్చిన మనిషి మూడో వరసలో కూర్చుని ఉంటుంది. నిజం తెలిస్తే ఆమె అందరి ముందూ తల దించుకోవాలి. నన్ను మళ్ళీ ఆ కళ్ళతో చూడదు. విమానం కూలుతుందేమోనని వెళ్ళేటప్పుడు భయపడ్డాను. వచ్చేటప్పుడు, దిగుతుందేమోనని భయపడ్డాను.

శుక్రవారం పొద్దున్నే దిగింది. మార్కుల కోసం ఇక్కడి కాలేజీలో చూపించాలి కాబట్టి బొమ్మలన్నీ ఒక పెద్ద అట్టల పుస్తకంలో పెట్టి తెచ్చాను. దాన్ని మంచం కింద దాచాలన్నది నా పథకం. దాచే లోపల నిద్ర ముంచుకొచ్చింది. శనివారం మధ్యాహ్నం లేచేసరికి సూట్‌కేసు ఖాళీగా ఉంది, నా బట్టలు బాల్కనీలో ఆరుతున్నాయి, అట్టల పుస్తకం డైనింగు టేబులు మీద తెరిచి ఉంది. దాని ముందు అమ్మమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "ప్రకటనలక్క వచ్చిపోయింది," అంది తల ఎత్తకుండా. మా చర్చిలో ప్రకటనలు చదివే ఆవిడకి అదే పేరు. "నీ సాక్ష్యం పది నిమిషాలా, పదిహేనా అని అడగనీకె వచ్చింది. బొమ్మలు చూసింది." "ఏమన్నది?" అన్నాను. "ఏంది పెద్దమ్మా, వీళ్ళకు బట్టల్లేవా అన్నది. లేవు అన్న." అంతే చెప్పి, అమ్మమ్మ చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె ముఖంలో నాకేమీ దొరకలేదు.

పావుగంటలో నాన్న ఫోను పట్టుకుని హాల్లోకి వచ్చాడు. సంఘం గ్రూపులో సందేశం. "ప్రియ సంఘస్థులారా, మన చెల్లి సేవ చేసిన ఊరిలో వృద్ధులకు ఒంటి మీద నూలుపోగైనా లేదని బొమ్మలతో సహా తెలిసినది. అక్కడ చలి విపరీతము. రేపటి ఆరాధనకు స్వెటర్లు, శాలువాలు, మంకీ క్యాపులు తేగలరు." కింద వరసగా దండం పెట్టే చేతులు. నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇంగ్లండులో కూడా ఇంత పేదరికం ఉందంటే మా ప్లాంటులో ఎవరూ నమ్మరమ్మా," అన్నాడు. నాన్నా, అది కాదు అని మొదలుపెట్టేలోగా ఆయన బీరువా తెరిచి, పెళ్ళినాటి సూటు బయటకి తీశాడు. దాన్ని ఆయన ఎవరికీ ఇవ్వడు. నేను సంచి పట్టుకున్నాను, ఆయన అందులో పెట్టాడు.

హైదరాబాదులో స్వెటర్లు ఎవరికుంటాయి? ఎవరికీ ఉండవు. కానీ హైటెక్ సిటీలో పనిచేసే మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ కంపెనీ వాళ్ళిచ్చిన జాకెట్లుంటాయి. ఆదివారం నేను వెళ్ళేసరికి వేదిక ముందు ఆ జాకెట్లు నడుమెత్తు గుట్టగా పడి ఉన్నాయి. నీలం, బూడిద రంగు, నలుపు. వీపు మీద "బెస్ట్ టీమ్" అని, "మేమే నంబర్ వన్" అని. అన్నిటికీ పైన నాన్న పెళ్ళి సూటు. ఆ పెద్దాయన దిమ్మె మీద "బెస్ట్ టీమ్" జాకెట్టు తొడుక్కుని నిలబడ్డట్టు కళ్ళకి కట్టి, ఏడుపూ నవ్వూ కలిసి ఎక్కిళ్ళు వచ్చాయి. అయ్యగారు నా పేరు పిలిచారు. వేదికకి నాలుగు మెట్లు. నాలుగూ ఎక్కాను. మైకు చేతిలోకి తీసుకోగానే అది గరగరలాడింది.

"నేను... నేను సేవ చెయ్యలేదండి," అన్నాను.

"తగ్గింపు! తగ్గింపు!" అని ముందు వరసలో ఒక సంఘ పెద్ద మెచ్చుకోలుగా తలూపాడు. మా వాళ్ళలో వినయాన్ని తగ్గింపు అంటారు. వెనక ఎవరో ఆమేన్ కూడా అన్నారు.

"కాదండి, నిజంగానే చెయ్యలేదు. హ్యుమానిటీస్ అంటే సేవ కాదు, చదువు. కథలు, చరిత్ర, బొమ్మలు. నేను బొమ్మలు గీశాను. వెళ్ళకముందే చెప్పాల్సింది, భయపడి చెప్పలేదు. తర్వాత ఇంకా భయపడ్డాను."

ప్రకటనలక్క ఉన్న చోటే లేచి నిలబడింది. "మరి ఆ బట్టల్లేని ముసలోళ్ళమ్మా?"

"వాళ్ళకి బట్టలున్నాయి అక్కా. బొమ్మ కోసం వాళ్ళే తీసేశారు."

"గంత చలిల?"

"హీటరుంది," అన్నాను.

పిల్లల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను మూడో వరస వైపు చూడలేకపోయాను. చూడకుండానే, ముందు కుర్చీ అంచు మీద అమ్మమ్మ చెయ్యి కనిపించింది, కదలకుండా. అయ్యగారు గుట్ట వైపు చూశారు, నా వైపు చూశారు, మళ్ళీ గుట్ట వైపు చూశారు. "సాక్ష్యమంటే నిజం చెప్పుడు," అన్నారు చివరికి. "చెప్పింది. ఇగ తెచ్చిన బట్టలు ఎవరికన్న పనికొస్తయి." ఆ బట్టలు మా వీధుల్లోని వాచ్‌మన్లకీ, కొత్తగా కడుతున్న బిల్డింగుల దగ్గర రేకుల షెడ్లలో ఉండే వాళ్ళకీ పంచారు. ఆ చలికాలమంతా మణికొండలో ఏ గేటు దగ్గర చూసినా ఒక "బెస్ట్ టీమ్" కాపలా కాసింది. నాన్న మాత్రం ఆరాధన అయిపోగానే ఎవరూ చూడకుండా సూటు వెనక్కి తీసుకున్నాడు.

ఇంటికొచ్చి భోజనాలకి కూర్చున్నాం. నేను అన్నం కలుపుతూనే ఉన్నాను. ఆ మధ్యాహ్నం నేను పడ్డ భయం ముందు విమానాలూ, బల్లులూ, బట్టల్లేని పెద్దాయనా ఏపాటి! అమ్మమ్మ చేతులు కడుక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని, తన మంచం మీద కూర్చుని నన్ను పిలిచింది. "ఆ పుస్తకం తే."

తెచ్చాను. ఆమె ఒక్కో కాగితం తిప్పింది, ఎక్స్‌రే చూసినట్టు కాస్త దూరంగా పట్టుకుని. మా టీచరు కూడా ఏ బొమ్మనీ అంతసేపు చూడలేదు. పెద్దాయన బొమ్మ దగ్గర ఆగింది. "ఈయనకు ఎడమ తుంటి నొస్తది," అంది.

"నీకెట్ల తెలుసు?"

"బరువంత కుడికాలు మీదేసి నిలబడ్డడు. నువ్వే గీసినవు, నన్నడుగుతవేంది?"

నిజమే. దిమ్మె ఎక్కేటప్పుడు ఎవరో ఒకరం ఆయన చెయ్యి పట్టుకునేవాళ్ళం. వారాల తరబడి చూశాను, గీశాను, ఎందుకో ఒక్కసారీ ఆలోచించలేదు. "అమ్మమ్మా, నిన్ను అందరి ముందు..." అని మొదలుపెట్టాను. ఏడుపొచ్చింది.

"నాకెప్పుడో ఎరుకే," అంది అమ్మమ్మ.

"ఎప్పుడు?"

"మొఖం రేపు తుడుస్త అన్ననాడే. ఏ నర్సన్న మొఖం రేపటికి పెడ్తదా? ముందుగాల మొఖం తుడుస్తరు, కండ్ల నుంచి మొదలువెట్టి. తర్వాతనే కాళ్ళు. కాళ్ళయినయి, చేతులైనయి, మొఖం రేపు అని నువ్వంటె, ఇదేదో వేరే పని అనుకున్న."

"మరి అడగలేదేంది? మూడు నెలలు!"

అమ్మమ్మ పుస్తకం మూసింది. అట్ట మీద లేని దుమ్మును దులిపింది. "అడిగితే నువ్వు సిగ్గువడి ఫోన్ బందు చేస్తవు. ఇంట్ల ఉన్నప్పుడు నాతోని గింత ముచ్చట ఎప్పుడన్న చెప్పినవా? రోజు ఆ యాళకు చేస్తుంటివి. ఇగ చెయ్యవేమోనని భయమైంది బిడ్డా." రక్తానికీ కాన్పులకీ జంకని మనిషి, నా ఫోను మోగదేమోనని మూడు నెలలు భయపడింది. తల దువ్వుకుని కూర్చుని, నా అబద్ధాలకి నీళ్ళ వేడి కూడా చెప్పింది. నేను ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. కాసేపయ్యాక, "మరి చర్చిల అందరు నీ పని నేను పట్టినననుకున్నరు కదా," అన్నాను. "అనుకోనీ. ముప్పై ఎనిమిదేండ్లు నేను చేసిన. సాలదా? ఇంటిల్లిపాది చెయ్యాల్నా?" అని, నా జుట్టులో నూనె లేదని తిట్టింది.

ఇప్పుడు నేను హైటెక్ సిటీలోనే ఒక కంపెనీలో బొమ్మలు గీస్తాను. ఫోను తెరల మీద కనిపించే చిన్న చిన్న బొమ్మలు. వాటిలో మనిషి బొమ్మ అంటే ఒక గుండ్రం, దాని కింద అర గుండ్రం, ముఖం ఉండదు. లిఫ్టులో పెద్దాయన ఇప్పుడు నన్ను చూసి "అదే, కంప్యూటరు కోర్సు చేసినట్టున్నావు" అని సంతోషిస్తాడు. నాకు బల్లి భయం పోలేదు, మైకు భయం అసలే పోలేదు. పోయిన ఏడాది అమ్మమ్మ బాత్‌రూములో జారింది. విరిగింది ఎడమ తుంటే. ఆపరేషను అయ్యాక నెలల తరబడి మంచంలోనే ఉంది. ఆఫీసుకి బయలుదేరే ముందు ఆమె ఒళ్ళు తుడవడం నా వంతైంది. మొదటి రోజు గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళూ, మెత్తటి గుడ్డా పట్టుకుని మంచం పక్కన నిలబడితే, ఆ బొగ్గు కడ్డీ పట్టుకున్న రోజులాగే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నొప్పి పుడుతుందేమో, తప్పు చేస్తానేమో. గుడ్డ తడిపి, పిండి, ఆమె కళ్ళ దగ్గర ఆనించాను. అమ్మమ్మ కళ్ళు మూసుకునే ఉంది. పెదవులు మాత్రం కదిలాయి.

"ఇయ్యాలనేనా," అంది, "రేపటికి పెడ్తవనుకున్న."